రికో జీఆర్ 3: పాతబస్తీ గల్లీల్లో తిరిగేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

రికో జీఆర్ 3 కెమెరా బరువు బ్యాటరీ, కార్డు వేశాక 257 గ్రాములు. ప్యాంటు జేబులో హాయిగా పడుతుంది. లోపల ఉన్నది మాత్రం ఫోన్లలో ఉండే చిన్న సెన్సర్ కాదు, చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో వాడిన ఏపీఎస్-సీ సైజుది, 24 మెగాపిక్సెళ్లది. ముందు 18.3 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువగా తెరుచుకుంటుంది), ఫుల్‌ఫ్రేమ్, అంటే పాత ఫిల్ము సైజు సెన్సర్ లెక్కలో 28 మి.మీ. జూమ్ లేదు, వ్యూఫైండర్ లేదు, ఫ్లాష్ లేదు, తెర ఎటూ వంగదు. 2019లో వచ్చిన ఈ కెమెరాను ఇవాళ కొందామనుకునేవారు ముందు ఒక్కటి తేల్చుకోవాలి. మనుషులకు రెండు మీటర్ల దూరంలో నిలబడి ఫొటో తీసే అలవాటు మీకు ఉంటే, లేదా చేసుకోవాలని ఉంటే, ఈ సైజులో దీనికి సాటి వచ్చేది చాలా తక్కువ. రోడ్డుకు అవతలి పక్క నుంచి తీసేవారికి మాత్రం ఇది దండగ.

దీన్ని కొనాల్సింది స్నాప్ ఫోకస్ కోసమే. ఆటోఫోకస్‌తో పని లేకుండా లెన్సు ఎంత దూరంలో ఫోకస్ అవ్వాలో మనమే ముందుగా చెప్పి పెడతాం. షట్టర్ బటన్‌ను సగం దగ్గర ఆపకుండా ఒక్కసారిగా పూర్తిగా నొక్కితే కెమెరా వెతుకులాట లేకుండా ఆ దూరానికే ఫొటో తీసేస్తుంది. మదీనా చౌరస్తాలో ఆటోకీ తోపుడుబండికీ మధ్య నుంచి ఒక మనిషి దూరి వచ్చేది అరక్షణం. ఆ అరక్షణంలో ఆటోఫోకస్ వెనకున్న బోర్డును పట్టుకుంటే ఆ ఫొటో మళ్లీ దొరకదు.

దూరాల లెక్క తెలియకపోతే స్నాప్ పెట్టి కూడా లాభం లేదు. ఎఫ్/8 దగ్గర 2 మీటర్లు పెడితే దాదాపు 1 మీటరు నుంచి 35 మీటర్లు దాటేదాకా అంతా స్పష్టంగా వస్తుంది, అంటే వీధి మొత్తం. ఎఫ్/5.6కి తెరిస్తే అది 1.2 నుంచి 6 మీటర్లకు తగ్గుతుంది. ఎఫ్/2.8 దగ్గర ఒకటిన్నర నుంచి 3 మీటర్ల మధ్య ఉన్నవే నిలుస్తాయి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పగలు బాగా వచ్చిందని రాత్రి కూడా స్నాప్ 2 మీటర్లకే వదిలేసి లెన్సు పూర్తిగా తెరుస్తారు, ఇంటికొచ్చి చూస్తే ఎదురుగా మీటరు దూరంలో ఉన్న ముఖాలన్నీ మసక. రాత్రి పూట 1.5 మీటర్లు, ఎఫ్/4 పెడితే 1.1 నుంచి 2.3 మీటర్ల దాకా చేతిలో ఉంటుంది. ఆ దూరం కంటికి అలవాటు కావడానికి చిన్న పద్ధతి ఉంది. ఇంట్లో నేల మీద టేపుతో కొలిచి 1, 1.5, 2 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టి, మనిషిని నిలబెట్టి, తెరలో ఆ మనిషి ఎంత ఎత్తు కనిపిస్తున్నాడో చూసుకోండి. ఆ తర్వాత వీధిలో మనిషి సైజు చూస్తేనే దూరం తెలిసిపోతుంది.

మన సెట్టింగులను దాచుకోవడానికి మోడ్ డయల్ మీదున్న యూ1, యూ2, యూ3 ఈ పనికే ఉన్నాయి. యూ1లో పగటి సెట్టింగు వేసుకోండి: మాన్యువల్ మోడ్, ఎఫ్/8, షట్టర్ 1/500 సెకను, ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) ఆటో, పై హద్దు 6400, స్నాప్ 2 మీటర్లు. మిట్ట మధ్యాహ్నం ఎండలో కెమెరా ఐఎస్‌ఓ 125 దగ్గర ఉంటుంది, పత్తర్‌గట్టీ రాతి కమానుల కిందికి అడుగు పెట్టగానే వెయ్యికో రెండు వేలకో ఎక్కుతుంది, మీరు దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. యూ2లో రాత్రికి ఎఫ్/4, 1/125, స్నాప్ 1.5 మీటర్లు. యూ3ని ఆటోఫోకస్‌కు వదిలేయండి, తీరిగ్గా తీసే బొమ్మలు కూడా ఉంటాయి కదా. ఐఎస్‌ఓ 3200 దాకా గరుకు పెద్దగా కనబడదు, 6400లో కనబడుతుంది కానీ చూడ్డానికి ఇబ్బందిగా ఉండదు.

వెలుతురు సంగతి కెమెరా కన్నా ఊరికి సంబంధించింది. అఫ్జల్‌గంజ్ వైపు నుంచి చార్మినార్‌కు వెళ్లే రోడ్డు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి ఉదయం ఎండ పడమటి పక్క అంగళ్ల మీద పడుతుంది, తూర్పు పక్క నీడ. లాడ్ బజార్ చార్మినార్ నుంచి పడమటికి పోతుంది. సాయంత్రం ఆ బజారు లోపలి నుంచి తూర్పుకు తిరిగితే మినార్ల మీద పసుపు వెలుగు, పడమటికి తిరిగితే మనుషులంతా నల్లటి ఆకారాలు. ఈ రెండో పరిస్థితిలో మామూలు మీటరింగ్ (కెమెరా వెలుతురు కొలిచే తీరు) ఆకాశాన్ని తెల్లగా కాల్చేస్తుంది. హైలైట్ వెయిటెడ్ మీటరింగ్‌కు మార్చండి, ఆకాశం నిలుస్తుంది, నీడల్లోని వివరాలను రా ఫైలు (సెన్సర్ పట్టిన ముడి ఫైలు) నుంచి తర్వాత పైకి లాగొచ్చు. ఈ సెన్సర్ నీడలను బాగా ఇస్తుంది, కాలిపోయిన తెలుపును మాత్రం ఏ కెమెరా తిరిగి ఇవ్వదు.

గాజుల దుకాణాల్లో ఇంకో చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. జీఆర్ 3 షట్టర్ లెన్సులోనే ఉండే లీఫ్ షట్టర్ కావడంతో ఫోన్లలో వచ్చే అడ్డ చారలు ఇందులో రావు. 1/500 పెడితే మాత్రం ఒక ఫొటో చీకటిగా, తర్వాతిది వెలుగుగా వస్తుంది. 1/100కో 1/50కో దిగితే ఆ తేడా పోతుంది. బాడీలోనే స్టెబిలైజర్ ఉంది గనక 1/50 దగ్గర చెయ్యి వణుకు సమస్య కాదు, కదిలే మనిషి మసకబారడమే సమస్య. లక్క గాజులు చేసేవారు నిప్పుల మీద మెత్తబడ్డ లక్కను సాగదీసి, ఒక్కో రాయిని పట్టకారుతో అద్దుతుంటారు. అక్కడ మాక్రో మోడ్‌లో లెన్సు ముందు నుంచి 6 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లొచ్చు. కానీ అంత దగ్గరికి పోతే కెమెరా నీడే గాజు మీద పడుతుంది. 10, 12 సెంటీమీటర్ల దగ్గర ఆగి, దీపం పక్క నుంచి పడేలా జరగండి. పసుపు దీపం, తెల్ల దీపం కలిసిన చోట ఆటో వైట్ బ్యాలెన్స్ (దీపాన్ని బట్టి రంగు సరిచేసే సెట్టింగు) ఫొటోకో రంగు ఇస్తుంది కాబట్టి దాన్ని ఒకదానికి కట్టేసి రా ఫైలులో సరిచేసుకోవడమే మేలు.

ఊళ్లో జరిగే పెద్ద సందర్భాలకు ఇది సగం కెమెరా. లాల్ దర్వాజా బోనాల్లో పోతరాజు కొరడా ఊపుతూ జనంలోంచి వస్తుంటే 28 మి.మీ. లెన్సు సరిగ్గా ఆ చోటుదే: పసుపు పూసుకున్న ఒళ్లు, గాల్లో కొరడా, వెనక జనం అన్నీ ఒకే చట్రంలో పడతాయి. మీద ఎండ, ముఖం నీడలో ఉంటే కెమెరా పైనున్న హాట్ షూ గాడికి చిన్న ఫ్లాష్ తగిలించండి. లీఫ్ షట్టర్ కాబట్టి ఫ్లాష్ 1/1000 దగ్గర కూడా కలిసి పనిచేస్తుంది, మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లు 1/200, 1/250 దగ్గరే ఆగిపోతాయి. అదే వినాయక నిమజ్జనం రోజు హుస్సేన్‌సాగర్ ఒడ్డున క్రేను విగ్రహాన్ని ఎత్తేటప్పుడు బారికేడ్ల అవతలి నుంచి ఈ కెమెరాతో తీస్తే విగ్రహం వేలెడంత. మధ్య భాగాన్నే కత్తిరించి తీసుకునే 50 మి.మీ. క్రాప్ పెట్టొచ్చు, కానీ 24 మెగాపిక్సెళ్లు 7కి పడిపోతాయి. ఆ రోజు ఒడ్డున నిలబడ్డ కుటుంబాలను, లారీ మీద నిద్రపోయిన పిల్లలను తీయడానికి దీన్ని వాడి, క్రేను బొమ్మను పెద్ద లెన్సు ఉన్నవారికి వదిలేయడం మంచిది.

వార్తల ఫొటోలు తీసేవారు కెమెరాలోని హై కాంట్రాస్ట్ బ్లాక్ అండ్ వైట్ జోలికి జాగ్రత్తగా వెళ్లాలి. జీఆర్‌లతో పనిచేసిన జపాన్ ఫొటోగ్రాఫర్ దైదో మోరియామా పేరు వల్ల ఆ నలుపు తెలుపుల మీద అందరికీ మోజు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కానీ వట్టి జేపెగ్‌గా తీస్తే రంగు మళ్లీ రాదు. జెండా ఏ రంగుదో, నీళ్లు బురదవో కాదో తెలియని వార్తా చిత్రం ఎందుకు? రా ప్లస్ జేపెగ్ పెట్టుకుంటే రంగు భద్రంగా ఉంటుంది. తేదీ, గంట సరిచూసుకుని, కాపీరైట్ పేరు కూడా మెనూలో ముందే నింపి పెట్టుకోండి.

చిన్న కెమెరా, చప్పుడు లేని షట్టర్ అనగానే ఎవరికీ తెలియకుండా తీసేయొచ్చనుకోవడం తప్పు. మీటరు దూరంలో నిలబడ్డ మనిషికి మీరు కనబడతారు, కనబడాలి కూడా. కళ్లు కలిస్తే తల ఊపండి, వద్దంటే అక్కడే చెరిపి చూపించండి. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు వస్తుంది. అది దుఃఖం, తమాషా కాదు. ఫ్లాష్ వద్దు, ఆటోఫోకస్ సాయానికి వెలిగే దీపాన్ని కూడా మెనూలో ముందే ఆపేయండి. ఏడుస్తున్న మనిషి ముఖం మీద ఆ దీపం పడటం కన్నా అమర్యాద ఉండదు.

ఇక దుమ్ము. జీఆర్ 3ని వాడేవారందరి పెద్ద భయం ఇదే, అది నిజమైన భయమే. ఈ కెమెరాకు దుమ్మూ నీళ్లూ ఆపే సీలింగ్ లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ లెన్సు గొట్టం బయటికి వస్తూ గాలిని లోపలికి లాగుతుంది, గాలితో పాటు జేబులోని నూలు పోగులూ రోడ్డు తవ్విన మట్టీ పోతాయి. సెన్సర్ మీద కూర్చున్న రేణువు ఎఫ్/2.8 దగ్గర కనబడదు, ఎఫ్/8 నుంచి ఆకాశంలో బూడిద రంగు మచ్చగా తేలుతుంది. మెనూలో డస్ట్ రిమూవల్ ఉంది, సెన్సర్‌ను వణికించి దులుపుతుంది, తేలికవి రాలిపోతాయి. జిగటగా అంటుకున్నవి రాలవు. లెన్సు ఊడదు కాబట్టి మనం తుడవలేం, విప్పించాల్సిందే. వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగితే పోతుందని చెప్పేవారున్నారు, లెన్సు గొట్టం మీద నమ్మకం లేనివారు ఆ పని చేయకండి. ముందు జాగ్రత్త ఒక్కటే దారి: జిప్ ఉన్న చిన్న సంచి, ఆ సంచిని వారానికోసారి తిరగేసి దులపడం. గులాల్, పసుపు ఎగిరే చోట్లకు వెళ్తే లెన్సు చుట్టూ బిగించే జీఏ-1 అడాప్టర్ తగిలించి 49 మి.మీ. ఫిల్టర్ బిగించండి. లెన్సు ఆ గూడులోనే కదులుతుంది, పొడి నేరుగా మీద పడదు. కెమెరా అప్పుడు జేబులో పట్టదు, అది ఒప్పుకోవాల్సిందే. గట్టి వానలో మాత్రం ఏ అడాప్టరూ కాపాడదు, బయటికి తీయకండి.

బ్యాటరీ కూడా చిన్నదే. కంపెనీ లెక్క ప్రకారం ఒక ఛార్జికి దాదాపు 200 ఫొటోలు. పండగ రోజు మూడు బ్యాటరీలు ఉండాలి. దీని బ్యాటరీ డీబీ-110 దొరకకపోతే ఒలింపస్ ఎల్ఐ-92బీ సరిపోతుంది, రెండూ ఒకే ఆకారం. యూఎస్‌బీ-సీ తీగతో పవర్‌బ్యాంకు నుంచి కూడా ఛార్జి ఎక్కుతుంది. మే నెల ఎండలో చాలాసేపు ఆన్‌లో ఉంచితే బాడీ చేతికి వేడిగా తగులుతుంది, రెండు ఫొటోల మధ్య ఆఫ్ చేసేయండి, మళ్లీ లేవడానికి సెకను కూడా పట్టదు. కార్డు ఇంట్లో మరిచిపోయిన రోజు లోపలున్న 2 జీబీ మెమరీ కొన్ని పదుల ఫొటోలకు సరిపోతుంది. వీడియో ఫుల్ హెచ్‌డీ దాకానే, దాని కోసం ఎవరూ కొనక్కర్లేదు.

జీఆర్ 3ఎక్స్ కొనాలా అని అడిగేవారు చాలామంది. అది 2021లో వచ్చింది, 40 మి.మీ. లెక్కకు వచ్చే 26.1 మి.మీ. లెన్సు. ముఖాలు సహజంగా వస్తాయి, అంచుల్లో ఉన్నవారు సాగరు. కానీ అదే ఎఫ్/8, అదే 2 మీటర్ల స్నాప్‌కు అందులో స్పష్టంగా ఉండేది 1.4 నుంచి 3.7 మీటర్ల మధ్యే. అంటే దూరం అంచనా తప్పితే క్షమించదు. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల ముందు కూర్చుని తీరిగ్గా తీసేవారికి 3ఎక్స్, సుల్తాన్ బజార్ తోపులాటలో తీసేవారికి 3. వ్యూఫైండర్ లేకుండా తీయలేనివారికి రెండూ వద్దు. ఫుజీ ఎక్స్100వీఐ చూడండి, బరువు మాత్రం 521 గ్రాములు, అంటే దీనికి రెండింతలు.

2025లో జీఆర్ 4 వచ్చింది కాబట్టి జీఆర్ 3ని సెకండ్‌హ్యాండ్‌లో చూసేవారు డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే పరీక్షించాలి. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడనో ఫోన్ తెల్ల తెరనో ఫోకస్ లేకుండా తీసి, కెమెరా తెర మీద పెద్దది చేసి నాలుగు మూలలా చూడండి, మచ్చలుంటే ధర తగ్గించమనండి. వెనక గుండ్రటి డయల్‌ను రెండు వైపులా నెమ్మదిగా తిప్పండి, మెనూ ఒక్కో అడుగే కదలాలి. దూకినా వెనక్కి పోయినా ఆ డయల్ అరిగిందని అర్థం. లెన్సును పదిసార్లు తెరిచి మూయించండి, కరకర శబ్దం రాకూడదు, ముందు రేకులు పూర్తిగా మూసుకోవాలి. కొత్తది కొంటున్నా సరే, బయటి దేశం నుంచి తెచ్చిన సరుకైతే వారంటీ ఇక్కడ చెల్లుతుందా, సెన్సర్ శుభ్రం చేయడానికి ఎక్కడికి పంపుతారు, ఎంత తీసుకుంటారు అన్నవి బిల్లు మీదే రాయించుకోండి.