అచ్యుతాపురం సెజ్ దగ్గర ప్లాటు కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

మాది గాజువాక. అమ్మాయి పెళ్లికని దాచిన డబ్బులోంచి అచ్యుతాపురం సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) దగ్గర ప్లాటుకి 5 లక్షలు కట్టి ఇరుక్కున్నాం. మీలో ఇంకెవరూ ఇలా ఇరుక్కోకూడదనే రాస్తున్నాను.

ఓ శనివారం వెంచరు వాళ్లే కారు పంపారు. దారిలో బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీ అమ్మాయిల బస్సులు వరసగా ఎదురొస్తుంటే, "చూడండి మేడమ్, వీళ్లందరికీ ఇళ్లు కావాలి, అద్దెలకి ఢోకా లేదు" అన్నాడు ఏజెంటు. "ఇది సెజ్ ప్లాటు, గవర్నమెంటు గ్యారంటీ" అని కూడా అన్నాడు. గజం 12 వేలు, 200 గజాలు. పాతిన రాళ్లకి పసుపు రంగు ఇంకా ఆరలేదు, నా చీర కుచ్చిళ్లకి అంటుకుంది. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

సెజ్ ప్లాటంటూ ఎవరికీ అమ్మరండీ. సెజ్ లోపలి భూమిని పరిశ్రమలకి లీజుకే ఇస్తారు. 2006 నాటి సెజ్ నిబంధనల ప్రకారం దాన్ని అమ్మడానికే వీల్లేదు. గోడ బయట వేసిన ప్రైవేటు వెంచరుకి గవర్నమెంటు గ్యారంటీ ఎక్కడి నుంచి వస్తుంది?

రిజిస్ట్రేషన్ ఇవాళ, రేపు అంటూ నాలుగు నెలలు తిప్పారు. తమ్ముణ్ణి తీసుకుని మళ్లీ వెళ్లాను. పక్క తోటలో జీడిపిక్కలు ఏరుతున్న ముసలావిడ మమ్మల్ని చూసి, "ఇది డీ పట్టా భూమి తల్లీ, మా మావకి గవర్నమెంటోళ్లు ఇచ్చారు. మీకెవరమ్మారు?" అంది. డీ పట్టా అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూమి, అమ్ముకోడానికి వీల్లేనిది. కాళ్లు చల్లబడ్డాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపిస్తే, ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉంది.

ఏజెంటుని నిలదీస్తే, "20 ఏళ్లు దాటిందమ్మా, ఫ్రీహోల్డ్ అయిపోయింది" అన్నాడు. 20 ఏళ్లు దాటిన డీ పట్టా భూమిని అమ్ముకోవచ్చని (అదే ఫ్రీహోల్డ్) 2023లో చట్టం మార్చిన మాట నిజమే. కానీ 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఆ ముక్క మాత్రం వాళ్లు చెప్పరు.

బ్రోచరులో వేసిన ఎల్పీ (లేఅవుటు అనుమతి) నంబరు పట్టుకుని, లేఅవుట్లకి అనుమతిచ్చే వీఎంఆర్డీఏ ఆఫీసుకి విశాఖ సిరిపురం వెళ్లాం. నంబరు నిజమైనదే, కాకపోతే వేరే ఊరి లేఅవుటుది! అందుకే ఎల్పీ నంబరు ఉందని ఊరుకోకండి, అది ఏ సర్వే నంబరుకి ఇచ్చారో అడగండి. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) తీయించండి, రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బీలలో అమ్మేవాళ్ల పేరు ఉందో చూడండి. ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) దగ్గర వెంచరు రిజిస్టరై ఉందో లేదో వెతకండి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని రెరా చట్టంలోనే ఉంది. మా 24 లక్షల ప్లాటుకి అది 2 లక్షల 40 వేలు. మేం కట్టింది దానికి రెట్టింపు పైనే, అదీ ఒక్క రసీదు కాగితం మీద. దాని మీద సర్వే నంబరు కూడా వేయలేదు.

డబ్బు ఇంకా రాలేదు. రెరాకి ఫిర్యాదు రాస్తున్నాం. ఇలాంటి రసీదు మీ దగ్గరుంటే పారేయకండి, ఏజెంటు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి. వచ్చే శనివారం కూడా కార్లు పంపుతున్నారట. ఎక్కేముందు సర్వే నంబరు రాసిమ్మనండి.