కింద ‘సేకరణ’ అనాలా, వాక్యంలోనే పేరు చెప్పాలా: ఏది మేలు?

మా ఊరి చెరువు గురించి ఒకసారి వ్యాసం రాశాను. తూము పక్కనున్న రాయి మీద తెలుగు అంకెల్లో ఏడాది చెక్కి ఉంది. రాయి బాగా అరిగిపోవడంతో ౩ని ౨ అనుకున్నాను. దాంతో పదేళ్ళ తేడా వచ్చేసింది. నెల తర్వాత మా పెదనాన్న చదివి, ‘అది రెండు కాదురా, మూడు’ అన్నారు. మళ్ళీ వెళ్ళి, రాయిని తడిగుడ్డతో తుడిచి, సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే మూడే. వెంటనే దిద్దాను. కానీ అప్పటికే ఆ వ్యాసం వాట్సాప్‌లో తిరుగుతోంది. నా పేరు ఉండాల్సిన చోట ‘సేకరణ’ అని ఉంది. దిద్దిన సంగతి ఎవరికి చెప్పను? ఆ తప్పుడు ఏడాది ఇప్పటికీ తిరిగి తిరిగి నా ఫోనుకే వస్తుంటుంది.

పేరు పోయిందన్న బాధ నాకు లేకపోలేదు. అయితే అసలు నష్టం చదివినవాళ్ళకి జరిగింది. సరిచూసుకుందామంటే వాళ్ళకి దారే లేదు. అందుకే ఇతరుల మాట వాడుకున్నప్పుడు అది ఎవరిదో చెప్పడానికి ఏ పద్ధతి మేలో తేల్చుకోవడానికి ఒకటే ప్రశ్న పెట్టుకున్నాను: చదివినవాళ్ళు ఆ మాట పుట్టిన చోటికి వెళ్ళగలరా?

‘సేకరణ’ ఇక్కడే ఓడిపోతుంది. ఇది నా సొంతం కాదని ఒప్పుకుంటుంది, ఎవరిదో మాత్రం చెప్పదు. ‘ఫోటో: గూగుల్’ కూడా అంతే. ఫోటో ఎక్కడుందో గూగుల్ వెతికి చూపిస్తుంది, తీసినవాళ్ళు వేరే ఉంటారు. అందరూ వాడుకోగల ఫోటోలు ఉండే వికీమీడియా కామన్స్‌ సైటులో అయితే ప్రతి ఫోటో పేజీలోనూ తీసినవారి పేరు, లైసెన్సు రాసి ఉంటాయి. ఆ రెండూ ఫోటో కిందే రాయడానికి రెండు నిమిషాలు పట్టదు.

అసలు పోటీ వ్యాసం చివర జాబితా ఇవ్వడానికీ, వాక్యంలోనే పేరు చెప్పడానికీ మధ్య. జాబితా చూడ్డానికి బాగుంటుంది, చదువుతుంటే అడ్డం రాదు. పరిశోధన వ్యాసాల్లోలా అంకెలు వేసి పేజీలతో సహా ఇస్తే దానికి తిరుగులేదు. మనలో చాలామంది ఇచ్చేది అలా ఉండదు. పది పుస్తకాల పేర్లు వరసగా రాసి వదిలేస్తాం. ఏ సంగతి ఏ పుస్తకంలోదో తెలియదు. పైగా కాపీ చేసేవాళ్ళ కత్తెర ముందు పడేది చివరి నాలుగు లైన్ల మీదే.

ఈ విషయంలో మన పాతవాళ్ళు చాలా ముందున్నారు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు, త్యాగరాజు కీర్తనల్లో త్యాగరాజు అనే పేరు పాటలోనే కలిసిపోయి ఉంటాయి. తరాలు మారినా, పాడే గొంతులు మారినా, పాట ఎవరిదో చెప్పే ఆ ముద్ర చెదరలేదు. వాక్యంలో కలిపేసిన పేరూ అంతే. ‘ఈ మాటకి బ్రౌన్ నిఘంటువు ఇచ్చిన అర్థం ఇది’ అని రాస్తే, ఆ ఒక్క వాక్యాన్నే ఎత్తుకెళ్ళినా బ్రౌన్ కూడా వెళ్తాడు.

అలాగని పేరొక్కటే సరిపోదు. వేమననే చూడండి. మకుటం తగిలిస్తే చాలు, ఎవరు రాసిందైనా వేమన పద్యంగా చెలామణీ అయిపోతుంది. ‘వేమన అన్నాడు’ అంటే వెతుక్కోవడానికి ఏమీ మిగలదు. ‘బ్రౌన్ 1829లో అచ్చువేయించిన వేమన పద్యాల్లో ఉంది’ అంటే పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. అందుకే పేరుతో పాటు ఎక్కడ చూశామో కూడా చెప్పాలి, అదీ మన కళ్ళతో చూసిన చోటే. తెలుగు వికీపీడియాలో చదివి, దాని కింద ఇచ్చిన పుస్తకాన్ని మనమే చదివినట్టు రాయకూడదు. ‘ఫలానా పుస్తకంలో ఉందని వికీపీడియా అంటోంది’ అని రాస్తే చిన్నతనమేమీ లేదు.

లింకు ఇస్తే చాలదా? నేనూ చాలాకాలం అలాగే ఇచ్చాను. ‘ఇక్కడ చూడండి’ అన్న మాట వెనక దాచిన లింకు, ఆ పేరాని వాట్సాప్‌లో పేస్ట్ చేయగానే మాయమవుతుంది. సైటు మూతపడితే దారే ఉండదు. ఇప్పుడు రచయిత పేరు, శీర్షిక, తేదీ అక్షరాల్లోనే రాసి, లింకు అదనంగా ఇస్తున్నాను. ముఖ్యమైన పేజీ అయితే వెబ్ పేజీల నకళ్ళు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైటులో ముందుగా భద్రపరుస్తాను.

ఇక ‘పేరు వేశాం కదా’ అని మొత్తం వ్యాసం దించేసుకునేవాళ్ళ సంగతి. పేరు వేయడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శకీ సమీక్షకీ తగుమాత్రం వాడుకోనిస్తుంది. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. హక్కులు అమ్మేసుకున్నా, రచన తనదేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం రచయితదే. అనువాదం చేసినప్పుడు మన పత్రికలు శీర్షిక కిందే ‘మూలం’, ‘అనువాదం’ అని రెండు పేర్లూ వేయడం నాకు చాలా ఇష్టం. పాఠకుడు మొదటి లైను చదవకముందే సంగతి తేలిపోతుంది.

నోటిమాటగా విన్నవాటికి మాత్రం ఒక జాగ్రత్త కావాలి. ‘మా ఊరి పెద్దలు చెప్పారు’ అని రాస్తే అదీ సేకరణే. ఎవరు చెప్పారో రాయాలి. కానీ వాళ్ళని అడిగాకే రాయాలి, పేరు బయటికి రావడం అందరికీ ఇష్టం ఉండదు. చెరువు వ్యాసం దిద్దినప్పుడు ఆ వాక్యాన్ని తిరగరాశాను: మొదట ౨ అని చదివాననీ, ఎవరు దిద్దారో, మళ్ళీ ఎలా చూశానో అన్నీ అందులోనే పెట్టాను. పేరు వేయనా అని ముందే పెదనాన్నని అడిగాను. ‘వేస్తే ఇంటిపేరుతో సహా వెయ్యి, ఈ ఊళ్ళో నా పేరువాళ్ళు ముగ్గురున్నారు’ అన్నారు.