జైపూర్‌లో ప్రైవేట్ డే టూర్ బుక్ చేస్తున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

జైపూర్‌లో ఒక రోజు ప్రైవేట్ గైడెడ్ టూర్, ఏసీ కారు, గైడ్, హోటల్ దగ్గర పికప్, డ్రాప్ అన్నీ కలిపి అని ఆన్‌లైన్‌లో కనిపించే ప్యాకేజీ ఏదైనా సరే, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకటి, మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. రెండు, ఈ పని చేసేది ఒక్క కంపెనీ కాదని, ఇదే పద్ధతిలో నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారని మా హోటల్ రిసెప్షన్‌లో అబ్బాయి దగ్గర్నుంచి మర్నాడు ఎక్కిన ఆటో డ్రైవర్ దాకా అందరూ చెప్పారు. వాళ్ళు చేసేది ఏంటంటే, మనం డబ్బు పెట్టి కొనుక్కున్న రోజునే తీసుకెళ్ళి షాపులవాళ్ళకు ఇంకోసారి అమ్ముకుంటారు.

మేము అమ్మా నాన్నా, అన్నయ్య, వదిన, వాళ్ళబ్బాయితో కలిసి వెళ్ళాం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, బస్సు టూర్‌లో పరుగులు పెట్టలేదు, అందుకే ఖర్చు ఎక్కువైనా ప్రైవేట్ తీసుకున్నాం. మొత్తం 9,500 రూపాయలు, అందులో తెలుగు మాట్లాడే గైడ్ కోసమని విడిగా 1,500. సగం ముందే పంపించాం. వాళ్ళు వాట్సాప్‌లో పంపిన ప్లాన్‌లో అమేర్ కోట, జల్ మహల్, హవా మహల్, సిటీ ప్యాలెస్, జంతర్ మంతర్, సాయంత్రం గోవింద్ దేవ్ జీ గుడి ఉన్నాయి. అన్నిటికంటే కింద ‘స్థానిక హస్తకళల పరిచయం’ అని ఒక లైన్ ఉంది. మీకు వచ్చే ప్లాన్‌లో కూడా ఇలాంటి లైన్ ఏదో ఒక పేరుతో ఉంటుంది, అది కనిపిస్తే అక్కడే ఆగి అడగండి, ఎందుకంటే మా రోజంతా మింగేసింది ఆ ఒక్క లైనే.

పొద్దున వచ్చిన గైడ్‌కు తెలుగు రాదు. ‘నమస్కారం, బాగున్నారా’ దాటి ఒక్క ముక్క లేదు. అడిగితే తెలుగు గైడ్‌కు జ్వరం వచ్చింది, నేను హిందీలో నెమ్మదిగా చెబుతాను అన్నాడు. అమ్మకు హిందీ రాదు, నాన్నకు అంతంతమాత్రం. మెడలో కార్డు కూడా లేదు. కోటల దగ్గర గైడ్‌గా పనిచేయాలంటే టూరిజం శాఖ ఇచ్చిన లైసెన్స్, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి, చూపించమంటే ఆఫీసులో ఉంది అన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే ‘చాలా సీనియర్ గైడ్ సార్, మీరే మెచ్చుకుంటారు’ అని పెట్టేశారు.

అమేర్ జైపూర్ నుంచి 11 కిలోమీటర్లు ఉంటుంది. తొమ్మిదికల్లా అక్కడ ఉండాల్సిన వాళ్ళం. ఎండ ముదరకముందే అమ్మను పైకి తీసుకెళ్ళాలని, కోటలోని శిలాదేవి గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ఆలోపే దర్శనం చేయించాలని ముందే వాళ్ళకు మరీ మరీ చెప్పాం. రాజా మాన్ సింగ్ బెంగాల్ వైపు నుంచి తెచ్చి ప్రతిష్ఠించిన అమ్మవారు అని విన్నప్పటి నుంచి అమ్మ ఆ దర్శనం కోసమే ఎదురుచూసింది. కారు సగం దారిలో పక్కకు తిరిగి ఒక పెద్ద బట్టల షాపు ముందు ఆగింది. బ్లాక్ ప్రింటింగ్ డెమో, ఐదు నిమిషాలే, ఫ్రీ అన్నాడు. డెమో నిజంగానే ఐదు నిమిషాలు, చెక్క అచ్చుతో గుడ్డ మీద ఏనుగు బొమ్మ వేసి చూపించారు. తర్వాత లోపలికి తీసుకెళ్ళి టీ ఇచ్చి, దుప్పట్లు, చీరలు, రజాయిలు ఒకదాని మీద ఒకటి పరవడం మొదలుపెట్టారు. మేము లేచినప్పుడల్లా ఇంకొకటి విప్పుతారు. బయటికొచ్చి చూస్తే కారు లేదు, డ్రైవర్ డీజిల్ కొట్టించడానికి వెళ్ళాడట! గంట దాటాక వచ్చాడు. మేము అమేర్ చేరేసరికి అమ్మవారి గుడి తలుపులు మూసి ఉన్నాయి.

బ్లాక్ ప్రింట్ చూడాలని, కొనాలని ఉంటే సాంగానేర్ ఉంది, బగ్రూ ఉంది, ఆ పని తరతరాలుగా చేస్తున్న ఊళ్ళు అవి, నేరుగా అక్కడికే వెళ్ళొచ్చు. ఊళ్ళోనే ప్రభుత్వ ధరకు కావాలంటే ఎం.ఐ. రోడ్డులో అజ్మేరీ గేట్ ఎదురుగా రాజస్థాలీ ఉంది, అది రాష్ట్ర ప్రభుత్వ ఎంపోరియం. గైడ్ తీసుకెళ్ళే ప్రతి షాపు బోర్డు మీదా ‘గవర్నమెంట్ అప్రూవ్డ్’ అని ఉంటుంది. రాసుకున్నంత మాత్రాన అది ప్రభుత్వ దుకాణం అయిపోదు.

కోటలో కూడా తొందరే. జీపులో పైకి వెళ్ళాం, జీపుకు ఇంత అని ఉండే రేటును మా దగ్గర మనిషికి ఇంత అని లెక్కగట్టి వసూలు చేశాడు. టికెట్ డబ్బులూ తనే తీసుకున్నాడు, టికెట్లు మాత్రం మా చేతికి ఇవ్వలేదు. గణేశ్ పోల్ అనే ద్వారం దగ్గర ఫొటోలు, శీష్ మహల్ (అద్దాల మహల్) బయట నిలబెట్టి ఇంకొన్ని ఫొటోలు, అంతే, పదండి అన్నాడు. వెనక ఉన్న మాన్ సింగ్ మహల్ ఆ కోటలో అన్నిటికంటే పాత భాగం, 1592లో కోట కట్టడం మొదలుపెట్టిన రాజు ఉన్న చోటు, అటువైపు ‘ఏమీ లేదు’ అన్నాడు. కోట గురించి మేము ఇంటి దగ్గర చదువుకుని వెళ్ళినంత కూడా అతను చెప్పలేదు. అదే టికెట్ కౌంటర్ దగ్గర లైసెన్స్ ఉన్న గైడ్‌లు కార్డులు వేసుకుని కూర్చుని ఉన్నారు, ఆడియో గైడ్ కూడా దొరుకుతుంది.

టికెట్ల సంగతి కూడా తెలుసుకుని వెళ్ళండి. అమేర్ కోట, హవా మహల్, జంతర్ మంతర్, ఆల్బర్ట్ హాల్ మ్యూజియం, నహర్‌గఢ్ కోట లాంటివన్నీ కలిపి ఒకే కాంపోజిట్ టికెట్ ఉంది, రెండు రోజులు పనిచేస్తుంది, ఐడీ కార్డు ఉన్న విద్యార్థులకు తక్కువ ధర. సిటీ ప్యాలెస్ అందులో రాదు, అది రాజకుటుంబానిది కాబట్టి దాని టికెట్ వేరు. ఈ తేడా తెలియని వాళ్ళ దగ్గర ప్రతి గేటు దగ్గరా విడివిడిగా డబ్బులు తీసుకుంటారు. టికెట్ మీరే కొనండి, మీ చేతిలోనే ఉంచుకోండి.

ఇంకో కిటుకు ప్లాన్‌లో చోట్ల సంఖ్య పెంచడం. జల్ మహల్ మాన్ సాగర్ చెరువు మధ్యలో ఉంటుంది, లోపలికి ఎవరినీ పంపరు, రోడ్డు పక్కన నిలబడి చూసి రావడమే. దాన్ని కూడా ఒక ‘విజిట్’ అని రాస్తారు. హవా మహల్ అయితే మరీ బాధ. 1799లో కట్టిన ఐదంతస్తుల కట్టడం, 953 చిన్న కిటికీలు, రోడ్డు వైపు నుంచి కనిపించేది ముఖభాగం మాత్రమే, లోపలికి దారి వెనక వైపు నుంచి. మెట్లకు బదులు చాలావరకు ఏటవాలు దారులే కాబట్టి అమ్మ కూడా నెమ్మదిగా ఎక్కగలిగేది. గైడ్ మమ్మల్ని ఎదురుగా ఉన్న ఒక కేఫ్ పైకి ఎక్కించి, ఇక్కడి నుంచే బాగా కనిపిస్తుంది, లోపల ఖాళీ గదులే అన్నాడు. అక్కడ కూర్చోవాలంటే ఏదో ఒకటి ఆర్డర్ చేయాలి. హవా మహల్ అక్కడితో అయిపోయింది!

ఇక రాళ్ళ షాపు. అసలు ఈ పోస్టు రాస్తున్నదే దీని కోసం.

భోజనం తర్వాత జంతర్ మంతర్ అన్నాడు. అన్నయ్య కొడుకు ఊరంతటిలో చూడాలనుకున్నది అదొక్కటే, 27 మీటర్ల ఎత్తున్న సమ్రాట్ యంత్రం అనే నీడ గడియారంలో నీడ కదలడం కళ్ళతో చూడొచ్చని, రెండు సెకన్ల తేడాతో టైమ్ చెబుతుందని వచ్చే ముందే మా అందరికీ చెప్పి పెట్టాడు. ఇప్పుడు ఎండ ఎక్కువ, నాలుగు తర్వాత వెళ్దాం అన్నాడు గైడ్. నీడ చూడాల్సిన చోటికి ఎండ ఉన్నప్పుడు కాక ఎప్పుడు వెళ్తారండీ? పైగా అది సాయంత్రం ఐదింటికల్లా మూసే చోటు. కారు తీసుకెళ్ళి ఒక ‘జెమ్ ఫ్యాక్టరీ’ దగ్గర ఆపాడు.

కింద ఇద్దరు కుర్రాళ్ళు చక్రం మీద రాయి సాన పడుతూ ఉంటారు. జైపూర్ పచ్చలకు, రాళ్ళ సానకు పేరున్న ఊరే కాబట్టి మనం నమ్మేస్తాం. పై అంతస్తులో ఏసీ గది, కూల్‌డ్రింకులు, అక్కడ ఒక ‘గురూజీ’. అమ్మ చెయ్యి చూశారు, నాన్న ఆరోగ్యం గురించి ఏవో రెండు మాటలు చెప్పారు (నాన్నకు స్టెంట్ వేశారని పొద్దున కారులో గైడ్‌తో మాటల్లో అన్నాం, అది ఆయన దాకా ఎలా చేరిందో మీరే ఊహించుకోండి). ఇంకేముంది, అమ్మకు టెన్షన్ మొదలైంది. నాన్నకు కెంపు పెట్టించాలి అన్నారు. ఇక్కడ హోల్‌సేల్ ధర, బయట దీనికి మూడింతలు, నచ్చకపోతే ఏ ఊరి నుంచైనా వెనక్కి పంపండి అన్నారు. నాన్న వద్దన్నా అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. 22,000 పెట్టి ఉంగరం తీసుకున్నారు. డబ్బు యూపీఐలో ఎవరో ఒక మనిషి పేరు మీదకు వెళ్ళింది, షాపు పేరు మీదకు కాదు. బిల్లు మీద ‘స్టోన్ రింగ్ - 1’ అని మాత్రమే ఉంది. ఏ రాయో లేదు, ఎన్ని క్యారట్లో లేదు, జీఎస్టీ నంబరూ లేదు.

ఇంటికొచ్చాక ల్యాబ్‌లో చూపిస్తే సీసపు గాజు నింపిన కెంపు అని రిపోర్టు ఇచ్చారు. నాసిరకం కెంపులో పగుళ్ళు కనిపించకుండా గాజు కరిగించి నింపుతారు, చూడ్డానికి ధగధగ మెరుస్తుంది, కానీ ధర అసలు కెంపుకు దగ్గర్లో కూడా ఉండదు. అలాంటి రాయి అమ్మడం తప్పని కాదు, అది నింపిన రాయి అని కొనేవాళ్ళకు చెప్పాలి. బంగారానికి హాల్‌మార్క్‌లో ఒక్కో నగకు విడిగా ఇచ్చే హెచ్‌యూఐడీ నంబరు ఉంటుంది, ఫోన్‌లోనే సరిచూసుకోవచ్చు. రాళ్ళకు అలాంటి తప్పనిసరి ముద్ర ఏదీ లేదు, పేరున్న ల్యాబ్ సర్టిఫికెట్ ఒక్కటే ఆధారం, అది కూడా షాపువాళ్ళు సొంతంగా ప్రింట్ చేసి ఇచ్చేది కాకూడదు. గైడ్ తీసుకెళ్ళిన చోట, భయపెట్టి కొనిపించే చోట రాయి కొనకండి, ఎంత చిన్నదైనా సరే.

అక్కడి నుంచి బయటపడేసరికి నాలుగున్నర దాటింది. జంతర్ మంతర్‌లోకి రానివ్వలేదు. పిల్లాడు గేటు దగ్గర నిలబడి ఏమీ మాట్లాడలేదు, నాకు ఇప్పటికీ ఆ ఉంగరం డబ్బుల కంటే అదే ఎక్కువ కష్టంగా ఉంది. సిటీ ప్యాలెస్ కూడా పోయింది. గోవింద్ దేవ్ జీ గుడిలో దర్శనం రోజంతా ఉండదు, మంగళ నుంచి శయన దాకా ఏడు ఝాంకీలు, అంటే దర్శనాలు, ఆ వేళల్లోనే తెర తీస్తారు. సాయంత్రం వేళకు వెళ్దామంటే గైడ్ నా డ్యూటీ టైమ్ అయిపోయింది, ఉండాలంటే గంటకు 500 అన్నాడు.

రివ్యూల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మేమూ అవి చూసే బుక్ చేశాం. హోటల్‌కు తిరిగి వచ్చే దారిలో, ఇంకా కారులో ఉండగానే, గైడ్ ఫోన్ ముందుకు పెట్టి ఇప్పుడే ఐదు స్టార్లు ఇవ్వండి సార్, నా పేరు రాయండి, నాకు పిల్లలున్నారు అని బతిమాలాడు. అలిసిపోయిన వాళ్ళు, మొహమాటపడేవాళ్ళు ఇచ్చేస్తారు. కాబట్టి స్టార్లు చూడకండి, తక్కువ రేటింగ్ ఇచ్చిన వాళ్ళు ఏం రాశారో చదవండి. వాటిలో ‘షాపింగ్’, ‘ఫ్యాక్టరీ’, ‘ఎంపోరియం’ అన్న మాటలు పదే పదే కనిపిస్తే ఆ కంపెనీని వదిలేయండి.

కంపెనీ ఏమందంటే, గైడ్ మా ఉద్యోగి కాదు, షాపుకు వెళ్ళడం మీ ఇష్టం, మేము బలవంతం చేయలేదు. నేను ప్లాన్, వాట్సాప్ మెసేజ్‌లు, టైమ్ కనిపించే ఫొటోలు అన్నీ పంపాక 2,000 తిరిగిస్తాం, రివ్యూ తీసేయండి అన్నారు. తీయలేదు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం, నంబరు వచ్చింది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ఇది చాలామందికి తెలియదు: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు జైపూర్‌లోనే వేయాల్సిన పని లేదు, మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో కూడా వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. టూర్‌లో ఉండగానే ఇబ్బంది పెడితే పర్యాటకుల హెల్ప్‌లైన్ 1363, రోజంతా పనిచేస్తుంది, హిందీలో, ఇంగ్లీషులో మాట్లాడొచ్చు.

ఇప్పటికే ఎక్కడో బుక్ చేసుకున్న వాళ్ళు ఈ రోజే వాళ్ళకు ఒక మెసేజ్ పెట్టండి: గైడ్ పేరు, లైసెన్స్ కార్డు ఫొటో పంపండి, ఏ షాపు దగ్గరా కారు ఆపకూడదు, ఏ చోట ఎంతసేపు అన్నది టైమ్‌లతో రాసి పంపండి, చెప్పిన భాష మాట్లాడే గైడ్ రాకపోతే ఆ డబ్బు వెనక్కి ఇవ్వాలి, బ్యాలెన్స్ టూర్ అయ్యాకే ఇస్తాం. ఫోన్‌లో ‘సరే సార్’ అంటే చాలదు, రాతలో రావాలి. ఎండతో పనున్న చోట్లు, త్వరగా మూసే చోట్లు ముందు పెట్టించుకోండి. పెద్దవాళ్ళ ఆరోగ్యం గురించి, ఇంటి విషయాల గురించి కారులో ఎవరితోనూ మాట్లాడకండి.

మా ఫిర్యాదు మీద జవాబు రాగానే ఏం జరిగిందో రాస్తాను. మీలో ఎవరికైనా జైపూర్‌లో ఇలాగే ఉంగరం అంటగట్టి ఉంటే బిల్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్ పారేయకండి, ముందు రాయిని ల్యాబ్‌లో చూపించండి.