రెండు మీటర్లకు గ్రౌండ్ ప్లేనా, జే-పోలా?

బరంపురం, పర్లాకిమిడి వైపు డాబా మీద 144–146 మెగాహెర్ట్జ్ హామ్ (ఔత్సాహిక రేడియో) బ్యాండుకి, అంటే రెండు మీటర్ల తరంగానికి, నిలువు యాంటెన్నా కట్టాలనుకుంటే ఈ రెండు రకాల్లో ఏదన్నదే ముందు తేల్చుకోవాలి.

గ్రౌండ్ ప్లేన్ సులువు. ఒక ఎస్‌ఓ-239 సాకెట్ (కేబుల్ బిగించేది), మధ్యలో సుమారు 49 సెంటీమీటర్ల కడ్డీ, చుట్టూ నాలుగు రేడియల్స్, అంటే పక్క కడ్డీలు. వాటిని అడ్డంగా ఉంచితే ఇంపిడెన్స్ (రేడియో కరెంటుకి యాంటెన్నా చూపే అడ్డు) కేబుల్‌కి సరిపోయే 50 ఓంల కంటే బాగా తగ్గుతుంది. 45 డిగ్రీలు కిందికి వంచితే 50కి దగ్గరవుతుంది. కడ్డీని కాస్త పొడవుగా ఉంచుకుని, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కొస్తోందో చూపేది) చూస్తూ కొంచెం కొంచెంగా కోయాలి. అంతే.

జే-పోల్‌కి రేడియల్స్ అక్కర్లేదు, ఏసీ మెకానిక్ వాడే రాగి గొట్టం చాలు. కానీ పొడవు దాదాపు మీటరున్నర. పైగా కేబుల్ ఎక్కడ తగిలించాలన్నదే టెన్షన్: కాస్త జరిపినా రీడింగ్ మారిపోతుంది. కేబుల్ పైపొర మీద కరెంటు పారకుండా చోక్ (ఆ కేబుల్‌నే చుట్టలుగా చుట్టడం) కూడా పెట్టాలి. ఇంత చేస్తే దక్కే లాభం స్వల్పమే. మహేంద్రగిరి కొండ చాటున ఉన్నవాళ్లకు అది ఏ మూలకీ రాదు, అక్కడ యాంటెన్నా ఎత్తే ముఖ్యం.

నా ఓటు గ్రౌండ్ ప్లేన్‌కే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే కదా. గాలికి రేడియల్ వంగినా చేత్తో సరిచేసుకోవచ్చు. ఉప్పుగాలికి అతుకులు పాడవకుండా సిలికాన్ పూయండి. వెనిగర్ వాసన వచ్చే రకం మాత్రం వద్దు, అది రాగిని తినేస్తుంది.