మాక్‌లో విండోస్: ప్యారలల్స్ కొనాలా, ఉచితంగా దొరికే ఫ్యూజన్ చాలా?

పలాస జీడిపప్పు వ్యాపారి అయినా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర బట్టల కొట్టాయన అయినా, మాక్‌బుక్ కొన్న మర్నాడు అడిగేది ఒకటే: "మరి టాలీ ఎలాగ?" లెక్కలు రాసుకునే ఆ టాలీప్రైమ్‌కి మాక్ వెర్షన్ లేదు. 2020 నవంబరులో ఇంటెల్ చిప్ బదులు ఆపిల్ సొంత ఎం1 చిప్ వచ్చినప్పటి నుంచి, మాక్‌ని నేరుగా విండోస్‌తో తెరిచే బూట్‌క్యాంప్ దారీ మూసుకుపోయింది. ఇక మిగిలింది మాక్ లోపలే ఇంకో కంప్యూటర్ని (దీన్నే వర్చువల్ మెషిన్ అంటారు) పుట్టించి అందులో విండోస్ ఎక్కించడం. ఆ పని చేసే వాటిలో మన దగ్గర వాడకంలో ఉన్నవి మూడు: ప్యారలల్స్ డెస్క్‌టాప్, వీఎంవేర్ ఫ్యూజన్, యూటీఎం.

తీర్పు ముందే చెప్పేస్తాం. టాలీ, ఎక్సెల్, ఒకటో రెండో చిన్న ప్రోగ్రాములైతే ఫ్యూజన్ చాలు, పైసా ఖర్చు లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాక్, విండోస్ రెండిట్లోనూ ఫైళ్లు అటూ ఇటూ తిప్పేవాళ్లకి ప్యారలల్స్ ఇచ్చే సుఖం వేరు. యూఎస్‌బీకి ఏదైనా మెషిన్ తగిలిస్తేనే మీ పని నడుస్తుందంటే మాత్రం, ఏదీ కొనకముందు కింది పేరా చదవండి.

ఎం1, ఆ తర్వాతి ఎం సిరీస్ చిప్‌లు ఆర్మ్ రకానివి, ఇంటెల్ చిప్‌ల భాష వేరు. అందుకే ఈ మాక్‌లలో ఎక్కేది ఆర్మ్ రకం విండోస్ 11. మామూలు ఇంటెల్ ప్రోగ్రాముల్ని అది లోపల్లోపల అనువదించుకుని నడుపుతుంది, టాలీ లాంటివి అలాగే తెరుచుకుంటాయి. కానీ పరికరాల్ని విండోస్‌తో మాట్లాడించే డ్రైవర్ల విషయంలో ఆ వెసులుబాటు లేదు. విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని గుండెకాయలో కూర్చునే డ్రైవర్ ఆర్మ్ కోసమే రాసి ఉండాలి. ఇంటెల్ డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టు కనిపించినా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడుతుంది, అంతే సంగతులు. మీసేవ పాయింట్లలో, బ్యాంకు మిత్రల దగ్గర ఉండే వేలిముద్ర మెషిన్లది ఇదే ఇబ్బంది. వాటి డ్రైవర్లు సాధారణంగా ఇంటెల్ విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ రాసినవే. ఆ పనికి మాక్ వద్దు, పాత పీసీని పారేయకండి. డిజిటల్ సంతకం టోకెన్ ఉన్నవాళ్లు దానికి మాక్ డ్రైవర్ ఉందేమో అమ్మినవాళ్లని అడిగి, సంతకం మాక్ వైపే కానిచ్చేయడం మేలు. సొంత పేరు మీద జీఎస్టీ ఉన్న కొట్టువాళ్లకి ఓటీపీతో రిటర్న్ వేసే సౌకర్యం ఉంది కాబట్టి టోకెన్ గొడవే లేదు. బిల్లుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకి కంపెనీ డ్రైవర్ ఎక్కకపోతే విండోస్‌లో ఉండే జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్‌తో ఒకసారి ప్రయత్నించొచ్చు. అక్షరాలు పడతాయి, లోగోలు పడవు.

ఇంటెల్ చిప్‌ని అనుకరించి ఇంటెల్ విండోస్‌నే నడిపే ఎమ్యులేషన్ ప్యారలల్స్ 20.2లో వచ్చిందని కొందరు ఆశపడ్డారు. అది ప్రివ్యూ మాత్రమే. బూట్ కావడానికే 2 నుంచి 7 నిమిషాలు పడుతుంది, పైగా యూఎస్‌బీ పరికరాల్ని పట్టించుకోదు. అంటే ఎవరికి అవసరమో వాళ్లకే పనికిరాదు.

ప్యారలల్స్‌లో మెచ్చుకోవాల్సింది ఇన్‌స్టాలేషన్. ఒక బటన్ నొక్కితే విండోస్ దానంతటదే దిగి, డ్రైవర్లతో సహా సిద్ధమవుతుంది. ఎం సిరీస్ మాక్‌ల మీద విండోస్ నడపడానికి మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకున్న మార్గం కూడా ఇది. కోహెరెన్స్ మోడ్‌లో టాలీ మాక్ యాప్‌లాగే డాక్‌లో కూర్చుంటుంది. మాక్‌కి ఉన్న ప్రింటర్ విండోస్‌లోనూ కనిపిస్తుంది. స్టాండర్డ్ ఎడిషన్ విండోస్‌కి 8 జీబీ ర్యామ్, 4 కోర్ల దాకా ఇస్తుంది. అకౌంట్ల పనికి అది ఎక్కువే, ప్రో జోలికి వెళ్లనక్కర్లేదు. ఒకసారి డబ్బు కట్టి కొనే లైసెన్సుతో జాగ్రత్త: తర్వాతి పెద్ద వెర్షన్ దానిలో రాదు. ఏటా మాక్‌ఓఎస్ మారుతుంటుంది గనక రెండేళ్లలో మళ్లీ కొనాల్సి రావచ్చు. 14 రోజుల ట్రయల్ ఉంది. డీటీపీ సెంటర్ల వాళ్లు అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ ఆ ట్రయల్‌లో ఎక్కించి, ఒక శుభలేఖ మొదటి నుంచి ప్రింటు దాకా చేసి చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

ఫ్యూజన్ 2024 నవంబరు నుంచి వ్యాపార వాడకానికీ ఉచితం. డౌన్‌లోడే తలనొప్పి: వీఎంవేర్‌ని కొన్న బ్రాడ్‌కామ్ సైట్‌లో ఖాతా తెరిచి, అడ్రస్ ఇచ్చి, మెనూల్లో వెతుక్కోవాలి. తర్వాత కొత్త మెషిన్ అని ఎంచుకుంటే మైక్రోసాఫ్ట్ నుంచి విండోస్ తెచ్చే ఆప్షన్ అందులోనే ఉంది. సుమారు 5 జీబీ, మొబైల్ డేటా మీద మొదలుపెట్టకండి. మధ్యలో ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. విండోస్ 11కి కావలసిన టీపీఎం అనే భద్రతా చిప్ (ఇక్కడ వర్చువల్‌ది) కోసం అది తప్పదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, మరిచిపోతే ఆ వర్చువల్ మెషిన్ ఇక తెరుచుకోదు. సెటప్ నెట్‌వర్క్ తెర దగ్గర ఆగిపోతే కంగారక్కర్లేదు, వర్చువల్ నెట్‌వర్క్ కార్డుకి డ్రైవర్ లేకపోవడమే కారణం. పైన మెనూలో వీఎంవేర్ టూల్స్ ఇన్‌స్టాల్ నొక్కి, ఎఫ్ఎన్, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది. అందులో నుంచి, విండోస్‌కి సీడీలా కనిపించే టూల్స్‌లోని సెటప్ నడపండి. నెట్ వస్తుంది.

యూటీఎం కూడా ఉచితమే. నెమ్మది. నేర్చుకునే కుర్రాళ్లకి సరే, కొట్టుకి కాదు.

విండోస్ లైసెన్స్ మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు, వేరే కొనాలి. మామూలు విండోస్ 11 కీయే ఆర్మ్‌కీ పనిచేస్తుంది.

టాలీ వాడేవాళ్లకి మొదటి రోజే తగిలేది ఎఫ్ కీల సమస్య. ఎఫ్8 నొక్కితే సేల్స్ వోచర్ రాదు, పాట మొదలవుతుంది. మాక్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, ఫంక్షన్ కీస్‌లోకి వెళ్లి ఎఫ్ కీలు మామూలుగా పనిచేసే స్విచ్ ఆన్ చేయాలి. అప్పుడూ ఎఫ్11 మొండికేస్తుంది: టాలీ ఫీచర్ల బదులు మాక్ డెస్క్‌టాప్ చూపిస్తుంది. అదే చోట మిషన్ కంట్రోల్ కింద షో డెస్క్‌టాప్ టిక్కు తీసేయండి. ఆల్ట్ అంటే మాక్ మీద ఆప్షన్ కీ.

డేటా ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. ప్యారలల్స్ విండోస్ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లని మాక్ ఫోల్డర్లకే కలిపేస్తుంది. టాలీ డేటాని అక్కడ పెడితే అది నెట్‌వర్క్ ఫోల్డర్ కింద లెక్క, రాసే మధ్యలో మాక్ నిద్రపోతే కంపెనీ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. సి డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్ కింద ఉండే డేటా ఫోల్డర్‌నే ఉంచండి. బ్యాకప్ ఒక్కటే బయటికి, పెన్‌డ్రైవ్‌లోకి తీయండి.

ర్యామ్ 16 జీబీ ఉన్న మాక్ తీసుకోండి, తర్వాత పెంచడానికి కుదరదు. 8 జీబీ మాక్‌లో విండోస్‌కి 4 ఇస్తే రెండూ ఆయాసపడతాయి. 256 జీబీ డిస్కులో విండోస్‌కి 64 కేటాయించండి. లోపల ఫైళ్లు చెరిపినంత మాత్రాన మాక్‌కి జాగా తిరిగి రాదు. ప్యారలల్స్‌లో రిక్లెయిమ్, ఫ్యూజన్‌లో క్లీనప్ నొక్కాలి. స్నాప్‌షాట్లు (వర్చువల్ మెషిన్ ఒక్కో సమయంలో ఎలా ఉందో దాచుకునే నకళ్లు) కుప్పపడితే డిస్కు చడీచప్పుడు లేకుండా నిండిపోతుంది.

రాజాం, చింతలవలస వైపు ఇంజనీరింగ్ పిల్లలకి ఒక మాట: మాట్‌ల్యాబ్, ఆటోక్యాడ్ మాక్‌కే నేరుగా ఉన్నాయి, వాటికోసం ఇదంతా పెట్టుకోకండి. ఈ విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 నడవదు, వాలరెంట్ ఆట అసలే నడవదు.

పాత పీసీ నుంచి టాలీ మార్చేటప్పుడు అక్కడ లైసెన్స్ సరెండర్ చేశాకే, అంటే టాలీకి తిరిగి అప్పగించాకే మాక్‌లో యాక్టివేట్ చేయండి. ఆ తర్వాత వర్చువల్ మెషిన్‌కి నకలు తీస్తే (క్లోన్) టాలీకి అది వేరే కంప్యూటర్‌లా కనిపించి, లైసెన్స్ లేనప్పుడు ఉండే ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పడొచ్చు. ఇంకో మాక్‌కి తరలించాల్సి వస్తే మళ్లీ సరెండర్ నుంచే మొదలుపెట్టండి.