కారులో వచ్చిన ఫోన్ సిస్టమ్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

మా అమ్మకు వినికిడి తక్కువ. మామూలుగా ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడితే రెండు మాటలకోసారి "ఆఁ? ఏమన్నావురా?" అంటుంది. కారులో కంపెనీవాళ్లే బిగించి ఇచ్చిన ఫోన్ సిస్టమ్‌లో మాట్లాడితే మాత్రం ఆ ప్రశ్న రాదు. పైన లైటు పక్కన, సన్నటి చిల్లుల వెనక మైకు ఉంటుంది. అద్దాలు సగం దించి వెళ్తున్నా నా మాట ఆమెకు స్పష్టంగా అందుతుంది. తొమ్మిదేళ్లుగా ఈ సిస్టమ్ మీద నాకున్న ఇష్టమంతా ఆ మైకు వల్లే. జత కలపడం, స్టీరింగ్ మీద బటన్లు లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

ఒకరోజు పొద్దున్నే కాల్ బటన్ నొక్కితే చప్పుడు లేదు. బటన్ వెనక ఎప్పుడూ వెలిగే ఆకుపచ్చ లైటు లేదు. ఫోన్‌లో వెతికితే కారు పేరే కనిపించలేదు. రేడియో మాత్రం హాయిగా మోగుతోంది. అంటే స్టీరియోకి కరెంటు ఉంది, ఫోన్ మాడ్యూల్‌కి మాత్రం అందడం లేదు. మా కారులో ఆ రెండూ వేరువేరు పెట్టెలు. ఫోన్‌ది డ్రైవర్ పక్క సీటు కింద, కార్పెట్ మీద బిగించి ఉంటుంది.

నిజానికి నెల ముందు నుంచే అది సూచనలు ఇస్తోంది. గతుకుల్లో కాల్ తెగిపోయేది, పది సెకన్లకు మళ్లీ కలిసేది. తప్పు నా ఫోన్‌దే అనుకుని జత తీసేసి మళ్లీ కలుపుతూ కూర్చున్నాను. కాల్ తెగినప్పుడల్లా ఆ ఆకుపచ్చ లైటు కూడా ఆరిపోతోందా అని ఒక్కసారి చూసి ఉంటే అప్పుడే దొరికిపోయేది.

ముందు ఫ్యూజులు చూశాను. దీనికి రెండున్నాయి. తాళం తీసేసినా ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు ఒకటి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు ఒకటి. రెండిట్లో ఏది పోయినా పెట్టె లేవదు. కాబట్టి ఒకటి చూసి సరే అనుకుని వదిలేయకూడదు. ఫ్యూజ్ నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి ఉంటాయి. వాటి మీద వోల్టులు కొలిచే మల్టీమీటర్ ముల్లు పెడితే ఫ్యూజ్ పీకకుండానే తెలిసిపోతుంది. తాళం తిప్పి చూస్తే నాకు రెండు ఫ్యూజుల్లోనూ, రెండేసి చుక్కల దగ్గరా 12.4 వోల్టులు వచ్చాయి. ఫ్యూజులు మంచివే.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ తగిలించి, ఫోన్ మాడ్యూల్ జవాబివ్వడం లేదు, పోయింది, కొత్తది వేయాలన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కరెంటు అందని పెట్టె జవాబు ఎలా ఇస్తుంది? పెట్టె దాకా కరెంటు వస్తోందో లేదో చూడకుండా పెట్టె పోయిందని తేల్చేశారు. ఆలోచించి చెబుతానని బండి తెచ్చేసుకున్నాను.

ఆదివారం నేనే కూర్చున్నాను. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటి మీద చెయ్యి వేయకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి, సీటు విప్పకుండా పూర్తిగా వెనక్కి జరిపి, ఫోన్ పెట్టె సాకెట్ ఒక్కటే ఊడదీశాను. తర్వాత బ్యాటరీ మళ్లీ కలిపి, తాళం తిప్పి మీటర్ పెట్టాను. వైరింగ్ బొమ్మ ప్రకారం మూడు పిన్నులు చూడాలి: ఎప్పుడూ కరెంటు ఉండేది, తాళంతో వచ్చేది, ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి). ఎర్త్ పిన్నుకూ మిగతా రెండింటికీ మధ్య చూస్తే రెండుసార్లూ 12.4. అన్నీ బాగున్నాయి! అప్పుడు నేను కూడా పెట్టె పోయిందనే అనుకున్నాను.

అయినా మనసొప్పక ఇండికేటర్ పక్కన ఉండే చిన్న 5 వాట్ల బల్బుకు రెండు వైర్లు చుట్టి, కరెంటు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య పెట్టాను. బల్బు వెలగలేదు. లోపలి తీగ మాత్రం ఆరిపోబోయే నిప్పులా ఎర్రగా కనిపించింది. బల్బు అలా ఉండగానే మీటర్ పెడితే 12.4 కాస్తా 4కి పడిపోయింది. మీటర్ దాదాపు కరెంటు తీసుకోదు. అందుకని వెంట్రుకంత కనెక్షన్ మిగిలినా పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది. బల్బు పని చేయాలంటే కరెంటు పారాలి, లోపం అప్పుడే బయటపడుతుంది. అదే స్థితిలో ఎర్త్ పిన్నుకూ, సీటు బోల్టు దగ్గర గీకిన లోహానికీ మధ్య కొలిస్తే 8 వోల్టులు. అక్కడ ఉండాల్సింది దాదాపు సున్నా. పెట్టె బాగానే ఉంది, ఎర్త్ పోయింది.

ఎర్త్ వైరు వెంట చెయ్యి పోనిచ్చి కార్పెట్ ఎత్తాను. పైన పొడిగా ఉన్న కార్పెట్ కింద ఫోమ్ నొక్కితే వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారాయి. ఎర్త్ వైరు చివర బోల్టు కింద ఉండే రింగు చిలుము పట్టి ఆకుపచ్చగా, చుట్టూ బాడీ తుప్పు పట్టి గోధుమ రంగులో ఉంది. రింగును వేలితో కదిపితే రాలి చేతిలోకి వచ్చింది. నీళ్లు వచ్చింది ఏసీ నుంచి. దాని నీళ్లు బయటికి పోవాల్సిన గొట్టం మట్టితో మూసుకుపోయి, చుక్కచుక్కా లోపలికే కారింది.

ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, వైరుకు కొత్త రింగు వేసి, గట్టిగా బిగించాక పైన గ్రీజు రాశాను. గొట్టం శుభ్రం చేశాను. ఫోమ్ ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ముందు బల్బు పెట్టి చూశాను, తెల్లగా వెలిగింది. బ్యాటరీ తీసి, సాకెట్ పెట్టి, మళ్లీ కలిపి తాళం తిప్పగానే ఆ ఆకుపచ్చ లైటు వచ్చింది. మొదట అమ్మకే చేశాను. "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావురా, ఇప్పుడు బాగా వినిపిస్తోంది" అంది.

ఇది జరిగి పద్నాలుగు నెలలు. మళ్లీ ఒక్కసారి కూడా ఆగలేదు. కొన్న కొత్తలో పెట్టె కనిపించకుండా సీటు కింద ఎంత నీటుగా పెట్టారో అని అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట అనలేను. నీళ్లు చేరితే ముందు తడిసేది అదే చోటు. కాంటాక్ట్స్ వాటంతటవే వస్తాయని మెచ్చుకున్నాను, కొత్త ఫోన్ కొన్నాక సగం పేర్లు రావడం లేదు.

రోజూ రెండు గంటలు స్టీరింగ్ ముందే ఉంటాను, అమ్మ ఫోన్ చేసేది కూడా ఆ వేళలోనే. కాబట్టి నాకైతే ఇది ఉండాల్సిందే. వారానికోసారి బండి తీసేవాళ్లకు, ఇయర్‌ఫోన్స్ అలవాటున్నవాళ్లకు ఇంత తిప్పలు అవసరమా అంటే గట్టిగా చెప్పలేను. ఇదే సిస్టమ్ ఉండి అది చచ్చిపోయి ఉంటే మాత్రం, కొత్త పెట్టెకు ఒప్పుకునే ముందు ఆ 5 వాట్ల బల్బు ఒకసారి పెట్టి చూడండి.