ఒక సంఘపు గృహ కూటంలో పది నెలలు

ఆదివారపు ఆరాధనకు తోడుగా వారంలో ఒక సాయంత్రం విశ్వాసుల ఇళ్లలో మా సంఘం నిర్వహించే గృహ కూటానికి నేను పది నెలలుగా వెళ్తున్నాను. అంతకుముందు మూడేళ్లపాటు ఆదివారం వెనుక వరుసలో కూర్చుని, ఆశీర్వాదం పలకగానే లేచి వచ్చేసిన వ్యక్తిని నేను. ఆ మూడేళ్లలో ప్రసంగాలు ఎన్నో విన్నాను గాని, నా పక్కన కూర్చున్నవారి పేర్లు మాత్రం తెలుసుకోలేదు. నాలాగే సంఘానికి వెళ్తూ కూడా ఒంటరిగా మిగిలిపోయినవారికి ఉపయోగపడుతుందని ఈ కూటం గురించి వివరంగా రాస్తున్నాను.

కూటం గంటన్నరసేపు జరుగుతుంది. పన్నెండు మందికి మించకుండా చూసుకుంటారు. ఒక పాట, వాక్య ధ్యానం, దానిపై చర్చ, ఆ తరువాత ప్రార్థన, ఇదీ వరుస. వాక్య ధ్యానం విషయానికి వస్తే, సంఘ కాపరి ప్రసంగంలో ఉండే లోతు ఇక్కడ ఉండదు. నడిపించే సహోదరుడు పండితుడు కాడు, ఆ సంగతి ఆయనే మొదటి రోజున చెప్పారు. బోధ కోసమే వెళ్లాలనుకునేవారికి ఆదివారమే మేలు.

కూటానికి ప్రాణం ప్రార్థన సమయంలో ఉంది. నడిపించే సహోదరుని దగ్గర అట్ట అంచులు నలిగిపోయిన ఒక పొడవాటి పుస్తకం ఉంటుంది. ప్రతి పేజీకి నడుమ నిలువుగా ఒక గీత గీసి ఉంటుంది. ఎడమవైపున ఎవరి మనవి ఏమిటో తేదీతో సహా రాస్తారు, ఆ మనవికి జవాబు వచ్చిందని చెప్పినవారు కుడివైపున తమ చేతి రాతతో కృతజ్ఞత రాయాలి. "దేవునికి స్తోత్రం" అని రాసి ఊరుకుంటే ఆయన ఒప్పుకోరు, జరిగినదేమిటో రాయమంటారు. శస్త్రచికిత్స తరువాత తన భర్త మొదటిసారి మెట్లు దిగాడని ఒక పెద్దామె రాసిన వాక్యంలో "మెట్లు" అన్న మాట కింద రెండుసార్లు గీత గీసి ఉంది. ఆ గీతలు చూసిన రోజున, నా ప్రార్థనల్లో కృతజ్ఞత ఎంత మొక్కుబడిగా ఉండేదో నాకు అర్థమైంది.

లూకా సువార్త పదిహేడవ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైనా, తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, అతడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. ఈ భాగాన్ని చిన్నప్పటి నుంచి వింటున్నాను గాని, ఆ ఒక్కడు గొప్ప శబ్దంతో, అందరికీ వినబడేలా దేవుని మహిమపరిచాడన్న సంగతిపై నా మనసు నిలిచింది ఈ కూటంలోనే. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లకు అనేక సంఘాలు వాడే యూకరిస్ట్ అన్న పేరుకు గ్రీకులో కృతజ్ఞతాస్తుతి అనే అర్థం. క్రైస్తవ ఆరాధనకు నడుమ ఉన్న బల్లకే ఆ పేరు ఉన్నప్పుడు, కృతజ్ఞతను మనసులో దాచుకుంటే చాలునని నేను అన్నేళ్లు ఎలా అనుకున్నానో తెలియదు.

ఇక లోపాల గురించి కూడా చెప్పాలి. కుడివైపు రాసేవారికి దొరికే ఆదరణ, కుడివైపు ఖాళీగా ఉన్నవారికి మొదట్లో దొరికేది కాదు. మనవికి జవాబు వచ్చిందని చెప్పే సాక్ష్యాలు వరుసగా నాలుగు విన్న తరువాత, బిడ్డను పోగొట్టుకున్న ఒక సహోదరి తల వంచుకుని కూర్చోవడం నేను చూశాను. ఆమె విశ్వాసం చాలలేదని ఎవరూ అనలేదు, కానీ అనకుండానే ఆ భావం గదిలో నిలిచింది. మరుసటి వారం నడిపించే సహోదరుడు బైబిల్‌లోని 88వ కీర్తన చదివించి, అది చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుందని, అయినా దానిని ప్రార్థనల గ్రంథంలోనే ఉంచారని చెప్పి, చర్చ లేకుండా కొంతసేపు మౌనంగా ఉండనిచ్చారు. నా దృష్టిలో ఈ పది నెలల్లో అదే ఉత్తమమైన సాయంత్రం.

రెండవ లోపం ఇంకా సరికాలేదు. అనారోగ్యంతో నేను మూడు వారాలు వెళ్లలేకపోతే ఒక్కరూ పలకరించలేదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన బోధకుడు జాన్ వెస్లీ అనుచరులు ప్రార్థనా మందిరపు అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక గుంపుగా చేసి, వారం వారం ఒక్కొక్క పెన్నీ వసూలు చేసే బాధ్యతను ఒకరికి అప్పగించారు. వసూలుకు ఇల్లిల్లూ తిరిగినవారికే ఎవరు ఎలా ఉన్నారో తెలియసాగింది, ఆ గుంపులే తరువాత క్లాసులు అనే పేరుతో మెథడిస్టుల చిన్న కూటాలుగా స్థిరపడ్డాయి. ఇంటికి వెళ్లి కనుక్కునే ఆ పని మా కూటంలో ఎవరి బాధ్యతా కాదు. నేను ఈ మాట చెప్పినప్పుడు వారు నొచ్చుకోలేదు, క్షమించమని అడిగారు. ఏర్పాటు మాత్రం ఇంకా జరగలేదు.

మీ సంఘంలో ఇటువంటి కూటం ఉంటే కనీసం మూడు నెలలు వెళ్లి చూడమని నా సలహా. చెప్పిన మనవులు ఆ గది దాటి పోకుండా చూస్తారో లేదో మొదటి రోజే అడగండి, జవాబు తడబడితే వేరే కూటం చూసుకోండి. నా మట్టుకు నేను కొనసాగుతాను. మా అన్నయ్యకూ నాకూ ఆరేళ్లుగా మాటలు లేవు. ఆ మనవి ఆ పుస్తకంలో తొమ్మిది నెలల క్రితం నా చేతితో రాసినది, కుడివైపు ఇంకా ఖాళీగానే ఉంది. నెలకొకసారి పాత పేజీలు తిప్పి, ఆ సహోదరుడు దానిని మొదటిసారి చదువుతున్నంత శ్రద్ధగా మళ్లీ పైకి చదువుతారు, పదకొండు మంది మా అన్నయ్య పేరు పలుకుతూ ప్రార్థన చేస్తారు.